పసుపు వైరు ఒక్కటే

"కాస్త సౌండు పెట్టండి," అని ఆవిడ అడిగినప్పుడు క్యాసెట్లమ్మాయికి నవ్వొచ్చింది. గ్యాలరీలో తన ప్రదర్శన మొదలైన దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు: బాత్రూమ్ ఎటు, ఈ వీడియో ఎంతసేపు. సౌండు గురించి అడిగిన మొదటి మనిషి ఈవిడే.

"దీనికి సౌండు లేదండీ. మూగ వీడియో."

"ఎందుకు లేదు?"

ఆవిడ గోడ మీద ఆడుతున్న వీడియో మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. వీధి చివరి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని ఆవిడది. గ్యాలరీ పెద్దాయనకి కొత్త జోడు ఇచ్చి పోదామని వచ్చి, ఈ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల ఆయన కళ్ళు చికిలించుకుని ఉత్తరాలు చదువుకుంటూ కూర్చున్నాడు పాపం.

గోడంత బొమ్మలో ఆరేళ్ళుంటాయో లేవో, ఒక పాప. ఇంటి మెట్ల మీద కూర్చుని బకెట్టు నీళ్ళలో బొమ్మకి స్నానం చేయిస్తోంది. మధ్యమధ్యలో తల ఎత్తి ఏదో అడుగుతుంది, ఆగుతుంది, తల ఊపుతుంది, మళ్ళీ బొమ్మ వీపు రుద్దుతుంది. ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. పక్కన అట్టముక్క మీద 'ఎవరూ లేని ఇల్లు' అని పేరు, దాని కింద 'దొరికిన క్యాసెట్ల నుంచి' అని ఉంది. చూసినవాళ్ళందరూ ఆ పాప ఒంటరితనానికి చలించిపోయారు. ఒక పెద్ద మ్యూజియం వాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి వస్తామని చెప్పి వెళ్ళారు. అప్పటినుంచి పెద్దాయన క్యాసెట్లమ్మాయిని 'ఏమ్మా' అనడం మానేసి 'ఏమండీ' అంటున్నాడు.

దొరికినవి అంటే పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ సంగతి ఇన్నేళ్ళలో క్యాసెట్లమ్మాయికి ఒక్కసారీ తట్టలేదు.

"అది నేనే," అంది కళ్ళజోళ్ళావిడ. "ఆ బొమ్మకి కుడి చెయ్యి ఉండదు చూడండి. నేనే పీకేశాను."

చూస్తే నిజంగానే లేదు. ఎన్ని వారాలు ఆ వీడియోని ముందుకీ వెనక్కీ తిప్పి కోసిందో, ఆ సంగతి మాత్రం క్యాసెట్లమ్మాయి కంట పడలేదు.

"మా అమ్మ తీసిందండీ ఇది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు లేదు. ఫొటోలు ఉన్నాయి. గొంతు ఎక్కడుంటుంది? ఈ క్యాసెట్లలోనే ఉంది." ఆవిడ ఇప్పుడు ఇటు తిరిగింది. "మా పిన్ని వీటిని పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. ఇంక ఈ జన్మకి దొరకవనుకున్నాను. మీ పుణ్యమా అని దొరికాయి. ఆ సౌండు ఒక్కటి వినిపించండి. వీడియో అంతా మీరే ఉంచుకోండి, నాకేం వద్దు."

క్యాసెట్లమ్మాయి చూపు ప్రొజెక్టరు వైపు తిప్పుకుంది.

పని చేసే పద్ధతి ఎవరికి వాళ్ళకి ఒకటి ఉంటుంది. పాతసామాన్ల బజారులో ఆమెకి క్యాసెట్లమ్మాయి అని పేరు పెట్టినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు: గోనెసంచులతో క్యాసెట్లు మోసుకుపోతుంది, ఏం చేసుకుంటుందో ఏమో అని. ఆమె చేసేది ఇది. పాత ప్లేయరు మూత తీసి, తిరిగే హెడ్డుని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, క్యాసెట్టు వేసి, కంప్యూటర్లోకి ఎక్కించేది. ప్లేయరు వెనక మూడు వైర్లు. బొమ్మకి పసుపుది, సౌండుకి ఎరుపూ తెలుపూ. ఆమె పసుపుది ఒక్కటే గుచ్చేది. సౌండు తనకి ఎప్పుడూ అడ్డమే. మాటలుంటే మనుషులు మాటలే వింటారు, మొహాలు చూడరు అని ఆమె సిద్ధాంతం. పెద్దాయన దాన్ని ఇంకా తేలిక చేశాడు: "సౌండు లేకపోతే ఆర్టు, ఉంటే పెళ్ళి వీడియో."

"సౌండు ఎక్కించలేదండీ," అంది ఆమె నెమ్మదిగా.

"పోనీ క్యాసెట్టు ఇవ్వండి. ప్లేయరు నేనే ఎక్కడైనా వెతుక్కుంటాను."

చెప్పడం కంటే చూపించడమే తేలిక అనిపించింది. ఆవిడని గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పై నుంచి కింది దాకా నల్లటి టేపు రిబ్బన్లు తెరలా వేలాడుతున్నాయి. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ వాటిని చేత్తో పక్కకి తోసుకుని రావాలి. అదీ ప్రదర్శనలో భాగమే. ఎక్కించడం అయిపోయిన క్యాసెట్లు పగలగొట్టి, టేపు లాగి, గుమ్మం ఎత్తుకి కోసి, కడ్డీకి కట్టింది.

"ఇవేనా?" అంది ఆవిడ. తను కూడా ఇందాక వాటిని తోసుకునే వచ్చింది.

"ఇవే."

"ఇందులో మాది ఏది?"

ఎవరి పెళ్ళి, ఎవరి పుట్టినరోజు, ఎవరి ఇల్లు, అన్నీ ఒకే నలుపు. ఆవిడ ఒక రిబ్బను పట్టుకుని, అద్దాన్ని చూసే అలవాటు కొద్దీ వెలుతురుకి ఎత్తి చూసింది. తర్వాత దాన్ని వదిలేసి ఇంకోటి పట్టుకుంది. అరుస్తుందని, తిడుతుందని క్యాసెట్లమ్మాయి ఎదురుచూసింది. తిడితే బాగుండేది. ఆవిడ కళ్ళజోడు పెట్టె పెద్దాయన బల్ల మీద పెట్టి, ఆయన చెవుల వెనక ఫ్రేము సరిచేసి, "బిగువుగా ఉంటే చెప్పండి సార్," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున క్యాసెట్లమ్మాయి నిచ్చెన వేసుకుని తెరలోంచి ఒక కట్ట రిబ్బన్లు విప్పుకుని పనిగదికి తెచ్చుకుంది. వాటిని గుడ్డతో తుడిచి, కొసకి కొస ఆనించి సన్నటి అంటుపట్టీతో అతికి, ఖాళీ క్యాసెట్టు డబ్బాలో చుట్టింది. ప్లేయరు వెనక దుమ్ములో పడి ఉన్న ఎరుపు వైరూ తెలుపు వైరూ వెతికి గుచ్చింది. అవి ఇంకా ప్లాస్టిక్ ఉంగరంలోనే ఉన్నాయి, కొన్న రోజున ఎలా ఉన్నాయో అలా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని తనని తనే తిట్టుకుంది.

బొమ్మ అంతా మంచు కురిసినట్టు చుక్కలు. సౌండు మాత్రం వచ్చింది. ఎవరిదో కుక్క మొరిగింది. ఒక మగమనిషి దగ్గాడు. ఎవరో ఆడమనిషి, "అటు కాదు, అటు కాదు, వెలుతురు మొహం మీద పడాలి," అంది. ఇదేనేమో అని వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఆ వెంటనే పెళ్ళి బ్యాండు మోగింది. కాదు. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరూ చేత్తో తోసీ తోసీ మిగతా రిబ్బన్లు ముడతలు పడిపోయాయి. వాటిలో సూ అనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో కట్ట విప్పింది. అందులోనూ ఇంతే. ఎవరెవరి అమ్మలో మాట్లాడుతున్నారు గాని, కావలసిన అమ్మ లేదు. మధ్యాహ్నానికి ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తను చేసిన పని దొంగతనం కంటే హీనం అనిపించింది. దొంగ ఎత్తుకుపోయిన వస్తువు కనీసం ఎక్కడో ఒకచోట ఉంటుంది.

గ్యాలరీకి వెళ్ళేసరికి కళ్ళజోళ్ళావిడ అక్కడే ఉంది. భోజనం వేళకి షాపు నుంచి వచ్చి, గోడ ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

"ఇలా రండి," అని పిలిచింది, నిన్నటిదేమీ మనసులో లేనట్టు. "ఇక్కడ చూడండి. నేను ఏదో అడిగానా? ఇప్పుడు ఆగాను. వింటున్నాను. ఇదిగో, మూతి ముడిచాను. అంటే అమ్మ వద్దంది. నీళ్ళు ఎక్కువ పోయకు అనుంటుంది." ఆవిడ మొహం కూడా గోడ మీద పాప మొహంలాగే ముడుచుకుంది. "గొంతు లేకపోతేనేం, నా మొహం నేను చదువుకోలేనా? ఇప్పుడు చూడండి, 'అమ్మా' అంటున్నాను. పెదాలు తెలుస్తున్నాయి కదూ? కెమెరా కేసి చూసి 'అమ్మా, టాటా' అంటున్నాను."

తెలుస్తున్నాయి. అన్ని వారాలు చూసి, మూగబొమ్మ అనుకుని, ఆ పెదాలని ఒక్కసారి చదవలేదు క్యాసెట్లమ్మాయి.

"ఒకటి మాత్రం బాధేసిందండీ," అంది ఆవిడ అట్టముక్క చూపిస్తూ. "ఎవరూ లేని ఇల్లు అని రాశారు. మా అమ్మ ఉంది కదా ఎదురుగా. అమ్మ లేకపోతే ఈ వీడియో ఎవరు తీస్తారు?"

ఇంక దాచుకోవడం క్యాసెట్లమ్మాయి వల్ల కాలేదు. "అసలు టేపులో మీరు ఒంటరిగా లేరండీ. మధ్యలో ఒక చెయ్యి వస్తుంది. మీ ముక్కు తుడుస్తుంది. ఒకచోట మీ జడ సరిచేస్తుంది. పాప ఒంటరిగా ఉండాలని ఆ చెయ్యి ఎక్కడెక్కడ వచ్చిందో అక్కడంతా నేనే కోసేశాను."

ఆవిడ బెంచీ మీంచి లేచింది.

"కోసేసినవి పారేశారా?"

"లేదు. ఉన్నాయి."

"అమ్మ చెయ్యి ఉందా మీ దగ్గర?" అంటూ ఆవిడ క్యాసెట్లమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. "మరి అది చెప్పరేం! షాపు కట్టేశాక వస్తాను. చెయ్యి చాలండి నాకు."

సాయంత్రం వెలుతురుండగానే వచ్చేసింది. షాపు యజమానికి తలనొప్పి అని చెప్పిందట. "అద్దాలు అరగదీసేవాళ్ళకి తలనొప్పి అంటే ఎవరైనా నమ్ముతారు," అని నవ్వింది. మంచి చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చింది. క్యాసెట్లమ్మాయి గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆవిడకిచ్చి, తను పెట్టె మీద కూర్చుంది. కంప్యూటర్లో కోత ముక్కలన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయి. దాని పేరు 'చెత్త'. తెర మీద ఆ పేరు కనపడగానే క్యాసెట్లమ్మాయి చటుక్కున చెయ్యి అడ్డం పెట్టబోయింది గాని, ఆవిడ అప్పటికే చదివేసింది. కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకుంది.

మొదటి ముక్కలో పాప తుమ్మింది. తెర ఎడమ పక్క నుంచి ఒక ఆడమనిషి చెయ్యి వచ్చింది, ముంజేతి దాకా. కుడిచేత్తో కెమెరా పట్టుకుని ఎడమచెయ్యి చాచినట్టుంది. బొటనవేలితో పాప ముక్కు కింద తుడిచి, ఆ తడిని పాప గౌనుకే రాసి, బుగ్గ మీద చిన్నగా ఒకటేసి వెళ్ళిపోయింది.

"గౌనుకి తుడిచింది చూశారా!" అంది క్యాసెట్లమ్మాయి. ఆవిడ నవ్వుతుందనుకుంది.

ఆవిడ నవ్వలేదు. ముందుకి వంగింది. "వెనక్కి తిప్పండి. ఆపండి. ఇంకొంచెం. ఆపండి."

చెయ్యి తెర మీద ఆగింది. చూపుడువేలు పొట్టిగా, గోరు లేకుండా, పై కణుపు దగ్గరే ఆగిపోయి ఉంది.

"అయ్యో, మీ అమ్మగారికి దెబ్బ తగిలిందా?"

"అమ్మకి అన్ని వేళ్ళూ ఉన్నాయి," అంది ఆవిడ. "ఫొటోల్లో ఉన్నాయి." తెర మీది పొట్టి వేలికి తన వేలు ఆనించి, "ఇది పిన్ని. అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషన్లో పోయింది ఆ వేలు. ఈ చేత్తోనే కదా నాకు అన్నం పెట్టింది, నాకు తెలీకపోవడమేంటి."

చెయ్యి కనపడే మిగతా ముక్కలు కూడా క్యాసెట్లమ్మాయి వేసింది. అన్నిటిలోనూ అదే చెయ్యి, అదే పొట్టి వేలు. ఆవిడ అన్నీ చూసింది. అమ్మ గొంతు పోయిందని నిన్న బెంగ. ఇవాళ అమ్మ చెయ్యి లేదు, అమ్మ చూపు లేదు, అసలు ఆ క్యాసెట్టులో అమ్మే లేదు. ఇంక పోగొట్టుకోవడానికి ఆవిడ దగ్గర మిగిలిందేమీ లేదు.

"మూడేళ్ళయింది పిన్నితో మాట్లాడి," అంది చివరికి. "మా అమ్మని రెండోసారి చంపావు అన్నాను. ఈ క్యాసెట్లు ఇచ్చేసిందని. అంత మాట అన్నాక కూడా, అవి తీసింది నేను అని ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగింది. "సెలవురోజు గ్యాలరీలో ఎవరూ ఉండరు కదా? కోయకుండా మొత్తం ఉన్నది, అది గోడ మీద వెయ్యగలరా?"

పెద్దాయన దగ్గర తాళం అడిగితే సణిగాడు. "కోయనిది ఏం బాగుంటుందండీ? కెమెరా ఊగుతుంది, చేతులు అడ్డం వస్తాయి. మ్యూజియం వాళ్ళు చూశారంటే మన కొంప మునుగుతుంది." క్యాసెట్లమ్మాయి చెయ్యి చాపి అలాగే నిలబడింది. మ్యూజియం వాళ్ళు వస్తారో రారో అన్న దిగులు వారం కిందటి దాకా ఆమెని నిద్రపోనిచ్చేది కాదు. ఇప్పుడు అలాంటిదేమీ అనిపించలేదు. ఆయన తాళం ఇచ్చాడు.

పిన్ని సన్నగా, వంగకుండా నడిచే మనిషి. కళ్ళజోళ్ళావిడ పంపిన కబురు అందుకుని, సెలవురోజు బూడిదరంగు స్వెట్టరు జేబుల్లో రెండు చేతులూ పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర రిబ్బన్ల తెర చూసి, ఇదేంటన్నట్టు ఆగి, తల వంచి దాని కిందుగా దూరి వచ్చింది.

"బాగున్నావా పిన్నీ?"

"నాకేం, బాగున్నా. నువ్వే చిక్కిపోయావు."

"నేను లావయ్యాను పిన్నీ."

"ఏమో మరి, మొహం చిక్కింది."

మూడేళ్ళ తర్వాత కలిసిన మనుషులు అంతకంటే ఏం మాట్లాడతారు? బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు ఉంది. పిన్ని క్యాసెట్లమ్మాయి వైపు తిరిగింది.

"నువ్వేనా అమ్మా వాటిని కొన్నది?"

"అవునండీ."

"సౌండు వస్తుందా?"

"రాదండీ. తప్పు నాదే. బొమ్మ ఒక్కటే ఎక్కించాను. సౌండు మొత్తం పోయింది. ఇంక ఎలాగూ రాదు."

పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. "పోనీలే," అంది. "పోతే పోయింది." తను తలచుకుని తలచుకుని కుమిలిపోతున్న తప్పుకి ఎవరైనా అలా హాయిగా ఊపిరి తీసుకుంటారని క్యాసెట్లమ్మాయి ఊహించలేదు.

దీపాలు ఆర్పి ప్రొజెక్టరు వేసింది. పాప మెట్ల మీద కూర్చుంది. రెండు జడలు, ఇస్త్రీ మడతలు పోని గౌను. బొమ్మకి నీళ్ళు పోస్తోంది.

"ఇక్కడ నువ్వేమన్నావు పిన్నీ?" అంది కళ్ళజోళ్ళావిడ మెల్లిగా.

పిన్ని కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"చెయ్యి చూశాను పిన్నీ. నువ్వే తీశావని తెలుసు. ఏమన్నావో చెప్పు."

పిన్ని చెయ్యి జేబులో ముడుచుకుంది. "అమ్మే తీసిందని నీ అంతట నువ్వే అనుకున్నావు. చిన్నపిల్లవి. కాదంటే నీకేం మిగులుతుందిలే అని ఊరుకున్నాను."

"ఏమన్నావు?"

"ఏమంటాను? గౌను తడుపుకోకు, అమ్మకి చూపించాలి అన్నాను." పిన్ని కళ్ళు గోడ మీదే ఉన్నాయి. "ఆసుపత్రిలోకి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. మీ నాన్న స్నేహితుడు కెమెరా ఇచ్చాడు. పగలు నిన్ను తీసి, సాయంత్రం పట్టుకెళ్ళి చూపించేదాన్ని. మంచం మీద పడుకునే, ఆ కెమెరా కన్నంలో కన్ను పెట్టి చూసేది అక్క. చాలు అనేది కాదు."

గోడ మీద చెయ్యి వచ్చి ముక్కు తుడిచి వెళ్ళింది. పాప జడ సరిచేసి వెళ్ళింది. తర్వాత పాప లేచి నిలబడి, గౌను దులుపుకుని, సూటిగా చూస్తూ చెయ్యి ఊపింది. అమ్మా, టాటా.

"ఇది చూసి అమ్మ ఏమంది?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. అడగొద్దన్నట్టో, ఏమీ అనలేదన్నట్టో తెలియలేదు. గోడ మీద వీడియో మొత్తం ఊగిపోవడం మొదలుపెట్టింది. మెట్లు, బకెట్టు, పాప, అన్నీ పైకీ కిందికీ కుదుపు. కెమెరా పట్టుకోవడం చేతకాక పాడైన ముక్క అనుకుని, క్యాసెట్లమ్మాయి మొట్టమొదట కోసేసింది దీన్నే. ఆ కుదుపులో పాప ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, అంతలోనే పళ్ళన్నీ కనపడేలా నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నవ్వుతున్నాను చూడు పిన్నీ," అంది కళ్ళజోళ్ళావిడ. "ఎదుటివాళ్ళు నవ్వుతుంటేనే పిల్లలు అలా నవ్వుతారు. ఎందుకంతలా నవ్వావు?"

"నేను నవ్వలేదే."

"కెమెరా అంత ఊగుతుంటే..."

"అప్పటికే ఫోనొచ్చింది తల్లీ." పిన్ని గొంతు మామూలుగానే ఉంది, ఊళ్ళో సంగతేదో చెబుతున్నట్టు. "మీ నాన్న చేశాడు ఆసుపత్రి నుంచి. తెల్లారుజామునే పోయిందట. బయటికి వచ్చి చూస్తే నువ్వు కొత్త గౌను వేసుకుని మెట్ల మీద కూర్చున్నావు. పిన్నీ, కెమెరా తే, ఇవాళ అమ్మకి టాటా చెప్తా అన్నావు. ఏం చెప్పను నీకు? నా మొహం నీకు కనపడకూడదు. కెమెరా మొహానికి అడ్డం పెట్టుకున్నాను."

కళ్ళజోళ్ళావిడ పిన్ని కేసి తిరిగింది.

"అమ్మ చూసిందా అని సాయంత్రం అడిగావు. చూసింది, నవ్వింది అన్నాను. ఆ క్యాసెట్టులో మొత్తం నా ఏడుపే ఉంది. నువ్వు కొత్త ప్లేయరు కొన్నావు, అమ్మ గొంతు వింటాను అని సంబరపడ్డావు. అది వినే బదులు నన్ను తిట్టుకుంటేనే నయం అనిపించింది. అందుకే ఇచ్చేశాను."

గోడ మీద పాప ఇంకా నవ్వుతూనే ఉంది. కళ్ళజోళ్ళావిడ ఆ మొహం కేసి చూస్తోంది, తనకి బాగా చదవడం వచ్చనుకున్న మొహం. బెంచీ మీద జరిగి, పిన్ని జేబులోకి తన చెయ్యి దూర్చింది.

"నా భుజాలు ఊగుతుంటే నేను నవ్వుతున్నాననుకున్నావు నువ్వు," అంది పిన్ని. "నన్ను చూసి నువ్వూ నవ్వావు."